నాలుగు ప్రశ్నల సిలబస్

ధీశిఖర విద్యాసంస్థల చైర్మన్ గారు పుస్తకాలు చదవరు. చదివించడమే ఆయన వృత్తి. అలాంటి మనిషి ఓ రోజు విమానంలో ఫోను ఆపెయ్యాల్సి వచ్చి, తోచక, ముందు సీటు జేబులో ఉన్న రంగుల పత్రిక తీసి తిరగేశారు. అందులో ఓ పేజీ ఆయన్ని పట్టుకుంది. లోకంలో యూదులనే వాళ్ళు పిడికెడు మందే ఉన్నారట. నోబెల్ బహుమతులు మాత్రం బుట్టలకొద్దీ తెచ్చుకున్నారట. వాళ్ళ ఇళ్ళలో ఏటా పస్కా అనే పండగ పూట ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటే, అందరికన్నా చిన్నపిల్ల నాలుగు ప్రశ్నలు అడుగుతుందట. పెద్దవాళ్ళు ఓపిగ్గా జవాబు చెబుతారట. చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ళుగా పిల్లల చేత జవాబులు మాత్రమే బట్టీ పట్టించి ఎంత పొరపాటు చేశారో ఆయనకు ఆ క్షణాన తెలిసొచ్చింది. ఇకమీదట ప్రశ్నలు కూడా బట్టీ పట్టించాలి.

విమానం చక్రాలు నేలకు తగిలాయో లేదో ఫోను తీశారు. సాయంత్రానికల్లా సెంట్రల్ ఆఫీసు నుంచి అన్ని బ్రాంచీలకూ ఆదేశం వెళ్ళింది. ఎల్‌కేజీ నుంచి మూడో తరగతి దాకా 'హెబ్రూ నోబెల్ స్ట్రీమ్' ప్రారంభించబడినది. హెబ్రూ అక్షరములు, యూదుల ప్రార్థనలు, పండుగలు తక్షణం అమలుపరచవలెను. నాణ్యత దృష్ట్యా ప్రతి బ్రాంచీ ఒక ఒరిజినల్ యూదు టీచర్‌ను సమకూర్చుకోవలెను.

గుంటూరు బ్రాంచి ప్రిన్సిపాల్ పానకాలరావు తల పట్టుకున్నాడు. లెక్కల మాస్టార్ని పక్క కాలేజీ నుంచి రాత్రికి రాత్రి ఎగరేసుకు రమ్మంటే తెస్తాడు గానీ, ఈ సరుకు ఎక్కడ దొరుకుతుందో అతనికేం తెలుసు? చివరికి అతని కారు డ్రైవరే దారి చూపించాడు.

"దోనెపాలెంలో ఉన్నారు సార్. శనారం మిరపకోతకి పిలవండి, ఒక్కళ్ళు కూడా రారు. వాళ్ళే."

అలా దొరికింది దెబోరా. దోనెపాలెం గుంటూరుకి పక్కనే ఉన్న ఊరు. అందులో ఓ పాతిక గడపల వాళ్ళు తాము యూదుల సంతతి అని నమ్మి, తాతల నాటి నుంచి శనివారం పనులు మానేసి సబ్బాతు పాటిస్తూ, రేకుల కప్పు కింద సమాజ మందిరం పెట్టుకుని, కూలికి పోగా మిగిలిన తీరికలో హెబ్రూ నేర్చుకుంటూ బతుకుతున్నారు. దెబోరా బీఈడీ చేసింది. ఆమె మొగుడు ఆషేరు ఆటో నడుపుతాడు. మామగారు ఎజ్రా మందిరంలో ప్రార్థన నడిపే పెద్ద.

ఇంటర్వ్యూలో పానకాలరావు బిస్కట్ల ప్లేటు ఆమె వైపు జరిపాడు.

"మీరు క్రిస్టియన్సేగా మేడమ్?"

"కాదు సార్. యూదులం."

"అదేలెండి, క్రిస్టియన్స్‌లో యూదులు."

"వాళ్ళు వేరు సార్, మేం వేరు."

"పర్లేదు, పర్లేదు. ఒరిజినలేనా మరి? సెంట్రల్ ఆఫీస్ వాళ్ళు అడుగుతారు."

దెబోరాకి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "నకిలీ అయితే ఎప్పుడో మానేసుండేవాళ్ళం సార్. వారం వారం ఓ రోజు కూలి ఊరికినే ఎవరు పోగొట్టుకుంటారు?"

పానకాలరావుకి ఆ జవాబు నచ్చింది. ఉద్యోగం ఇచ్చాడు. శనివారం రాననే షరతు కూడా ఒప్పుకున్నాడు, అదీ నాణ్యతలో భాగమేనని. పైగా ఆమె కూతురు తిర్సాకి యూకేజీలో ఉచితంగా సీటు. దెబోరా ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తీరు చూడాలి, కాళ్ళు నేలమీద లేవు. పుట్టి బుద్ధెరిగాక తన మతం పేరు చెబితే 'అదేం మతం?' అని మొహం చిట్లించిన వాళ్ళే గానీ, ఏసీ గదిలో కూర్చోబెట్టి 'మా పిల్లలకి నేర్పండి' అన్నవాళ్ళు లేరు.

"మన పండగల గురించి గంటసేపు అడిగి చెప్పించుకున్నారు మావయ్యా," అంది మామగారితో.

ఎజ్రా అంతా విని ఒక్కటే అడిగాడు. "పస్కాకి సెలవిస్తారామ్మా?"

"మన పండగ నేర్పమనే కదా పెట్టుకుంది! దానికే సెలవియ్యరా ఏంది?"

ముసలాయన ఆ మాట అడగడానికి కారణం ఉంది. పస్కా భోజనం దగ్గర నాలుగు ప్రశ్నలు అడగాల్సింది ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డ. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఫరో రాజు కింద బానిసలుగా ఉన్నప్పుడు మనకేం జరిగింది, ఎలా బయటపడ్డాం అన్న కథంతా ఆ ప్రశ్నలకు జవాబుగానే మొదలవుతుంది. అడిగేవాళ్ళు లేకపోతే కథకు ఊపే ఉండదు. ఎజ్రా ఇంట్లో కొన్నేళ్ళుగా ఆ 'చిన్నబిడ్డ' ఎవరయ్యా అంటే ఆయన చెల్లెలి మనవడు సాలొమోను. వాడికిప్పుడు గడ్డాలూ మీసాలూ వచ్చాయి, ట్రాక్టరు తోలుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ ఏటా వాడే అడుగుతున్నాడు. ఈసారి తిర్సాకి మాటలు తిరిగాయి. ఈ పస్కాకి తన మనవరాలు అడగాలి, తాను జవాబు చెప్పాలి. ఆ ముసలాయనకి మిగిలిన కోరిక అదొక్కటే. ఆ కోరిక దెబోరాకీ ఉంది.

స్కూల్లో కార్యక్రమం జోరుగా మొదలైంది. దెబోరా ఆ నాలుగు ప్రశ్నల్నీ పిల్లలకు తెలిసే మాటల్లో ఒక్క కాగితం మీద రాసిచ్చింది. ఈ రాత్రి పులియని రొట్టే ఎందుకు తింటున్నాం, చేదు ఆకు ఎందుకు, కూరాకు రెండుసార్లు ఎందుకు ముంచుకు తింటున్నాం, దిండ్లకు ఒరిగి ఎందుకు కూర్చున్నాం. అంతే. ఆ కాగితం సెంట్రల్ ఆఫీసుకి వెళ్ళి, ఇటుకంత పుస్తకమై తిరిగొచ్చింది. పేరు 'ప్రశ్నానిధి'. లోపల ముఖ్యమైన ప్రశ్నలు, అతి ముఖ్యమైన ప్రశ్నలు, గతంలో అడిగిన ప్రశ్నలు అని భాగాలు.

"గతంలో అడిగినవి అంటే ఏంది సార్?" అంది దెబోరా. "తరతరాలుగా ఈ నాలుగే అడుగుతన్నారు."

పానకాలరావు కళ్ళు మెరిశాయి. "అయితే రిపీటెడ్ క్వశ్చన్స్ అన్నమాట! స్టార్ గుర్తు పెట్టించండి మేడమ్."

"జవాబులు లేవు సార్ ఇందులో."

"ఈ లెవెల్‌కి అడగటం వరకే. జవాబులు పై తరగతుల అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వస్తాయి."

"మరి పిల్ల నన్ను అడిగితే ఏం చెప్పను?"

"థ్యాంక్యూ చెప్పండి. మార్కు వెయ్యండి. తర్వాతి పిల్లని లేపండి."

ఇక పిల్లలు అడగడం మొదలుపెట్టారు. అబ్బబ్బ, ఏం అడగడం! నిటారుగా కూర్చుని, ఎడమ చెయ్యి కట్టుకుని, కుడిచేతి వేలు మూతి మీద పెట్టుకుని, మిస్ వేలు చూపించగానే తమ వేలు తీసి గొంతు చించుకుని అడిగి, మళ్ళీ వేలు మూతి మీద పెట్టుకోవాలి. నాలుగో ప్రశ్న దిండ్లకు ఒరగడం గురించి కదా. బానిసలకు వెన్ను వాల్చే హక్కు ఉండదు, స్వతంత్రులం కాబట్టి ఒరుగుతాం అని దాని జవాబు. ధీశిఖరలో ఒరిగితే క్రమశిక్షణా రాహిత్యం. అందుచేత పిల్లలందరూ కొయ్యబొమ్మల్లా బిగుసుకు కూర్చుని 'మనమెందుకు ఒరిగి కూర్చున్నాం?' అని ముక్తకంఠంతో అడిగేవారు. ఒక్కడికైనా అనుమానం రాలేదు. రాకుండా ఉండటానికే కదా ఫీజు.

ప్రార్థన సంగతీ అంతే. దేవుడు ఒక్కడే అని చెప్పుకునే ప్రార్థన యూదులు కుడిచేత్తో కళ్ళు మూసుకుని చేస్తారు. కళ్ళు మూసుకుంటే పిల్లలు బోర్డు చూడలేరని పానకాలరావుకి బెంగ పట్టుకుంది. చివరికి ఉపాయం అతనే కనిపెట్టాడు. కళ్ళు మూసుకోవచ్చు గానీ వేళ్ళ మధ్య సందు ఉంచి మూసుకోవాలి. సబ్బాతు విశ్రాంతిని కూడా వదల్లేదు. శనివారం దెబోరా రాదు కాబట్టి ఆ బాధ్యత డ్రిల్లు మాస్టారికి అప్పజెప్పారు. ఆయన ఈల వేస్తే పిల్లలు బల్ల మీద తలపెట్టి విశ్రాంతి తీసుకోవాలి, మళ్ళీ ఈల వేస్తే మానెయ్యాలి. కదిలిన వాళ్ళకి మార్కులు తగ్గుతాయి. ఇంతా చేస్తే విశ్రాంతిలో మంచి ర్యాంకు రావడానికి కొంతమంది తల్లులు పిల్లల్ని తెల్లవారుజామునే లేపి సాధన చేయించేవారు.

నెల తిరిగేసరికి వీధి మొగల్లో ఫ్లెక్సీలు లేచాయి. 'అడగడంలో జిల్లా ప్రథమం మా చిన్నారి' అని ఓ పిల్ల ఫొటో, పక్కన చైర్మన్ గారి ఫొటో, ఆయనదే పెద్దది. తల్లిదండ్రుల సమావేశంలో దెబోరా చుట్టూ జనం మూగారు.

"మావాడు ఇంట్లో అసలు అడగట్లేదు మేడమ్. మా ఎదురు ఫ్లాటు పాప లిఫ్టులో కూడా అడుగుతంది."

"మాకు ప్రశ్నలకి ట్యూషన్ ఎక్కడన్నా ఉంటే చెప్పండి మేడమ్, సాయంత్రాలు పంపిస్తాం."

ఒక తండ్రి అందరూ వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "సారీ మేడమ్. నిన్న మావాడు పుస్తకంలో లేంది అడిగాడు."

"ఏమడిగాడండీ?"

"నాన్నా, నువ్వెప్పుడూ ఫోన్లోనే ఎందుకుంటావు అని." ఆయన మొహం కందగడ్డయింది. "ఇంకోసారి అడక్కుండా చూసుకుంటాం మేడమ్. స్కూల్లో రిపోర్ట్ చెయ్యబాకండి."

అలాంటి ఫిర్యాదులు ఎక్కువ కావడంతో సెంట్రల్ ఆఫీసు మరో ఆదేశం జారీ చేసింది. విద్యార్థులు ప్రశ్నానిధిలో లేని సొంత ప్రశ్నలు అడుగుట మాల్‌ప్రాక్టీసుగా పరిగణింపబడును. అట్టి ప్రశ్నకు ఒక మార్కు కోత విధింపబడును. ఉపాధ్యాయులు జవాబు చెప్పి ప్రోత్సహించినచో చర్య తీసుకొనబడును.

ఆ కోత మొదట ఎవరి మీద పడాలి? తిర్సా మీదే పడింది. పానకాలరావు వెనక బెంచీలో కూర్చుని క్లాసు పరిశీలిస్తున్న రోజున, తిర్సా నాలుగు ప్రశ్నలూ గడగడా అడిగేసి, వేలు మూతి మీద పెట్టుకోకుండా ఇంకోటి అడిగింది. "మిస్, చేదు ఆకు తింటే ఏడుపొచ్చిద్దిగా. పండగరోజు ఎందుకు ఏడవాల?"

దెబోరాకి కూతుర్ని ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. ఎంత మంచి ప్రశ్న అడిగింది పిల్ల! వెనక్కి చూసింది. పానకాలరావు పెన్ను మూత తీసి ఆమె వైపే చూస్తున్నాడు. దెబోరా తల వంచుకుని కూతురి పేరు ఎదుట ఒక మార్కు కొట్టేసింది. ఛీ, ఇదా నేను చేసే పని అని ఆ పూట అన్నం సయించలేదు ఆమెకి. ఉద్యోగం ఉంటేగానీ పిల్లకి ఆ బడి ఉండదు, పిల్లకి ఆ బడి ఉండాలంటే ఆ పిల్లకే మార్కు కొయ్యాలి.

ఆ సాయంత్రం ఎజ్రా మనవరాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పస్కా పాఠం మొదలెట్టాడు. తిర్సా వెన్ను నిలబెట్టి, చేతులు కట్టుకుని, మూతి మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

"అట్టా కాదమ్మా, దిండు మీద ఒరుగు. ఒరిగి అడుగు."

"ఒరిగితే మిస్ మార్కు కొట్టేసిద్ది తాతా."

"ఏ మిస్?"

పిల్ల వేలు తియ్యకుండా కళ్ళతోనే తల్లి వైపు చూపించింది. ఎజ్రా కోడల్ని ఒక్క మాట అనలేదు. దిండు తీసి పక్కన పెట్టాడు. తిడితే బాగుండేదని దెబోరాకి అనిపించింది.

"పండగనాడైనా నా మనవరాలు దీనికి ఒరిగి అడగాలమ్మా," అన్నాడు దిండు మీద చెయ్యేసి. "సెలవు మాత్రం మర్చిపోబాక."

పస్కాకి స్కూల్లో కూడా మహోత్సవం తలపెట్టారు. మొదట సెంట్రల్ ఆఫీసు వాళ్ళు దాన్ని డిసెంబరుకి వేశారు. క్రిస్మస్ కేకు, వార్షికోత్సవం, పస్కా మూడూ ఒకే షామియానా కింద కానిచ్చేస్తే షామియానా ఖర్చు కలిసొస్తుందని. దెబోరా హమ్మయ్య అనుకుంది. వాళ్ళ పస్కా వాళ్ళు ఎప్పుడు చేసుకుంటే నాకేం, మా పస్కా ఎండాకాలంలో వచ్చే పున్నమికి మేం చేసుకుంటాం అనుకుంది. ఆ సంతోషం నాలుగు రోజులు నిలవలేదు. చైర్మన్ గారికి ఎవరో టీవీ వాళ్ళు ఒరిజినల్ తేదీన చేస్తే ప్రత్యక్ష ప్రసారం చేస్తామన్నారు. దాంతో మహోత్సవం సరిగ్గా పున్నమి నాటి సాయంత్రానికి వచ్చి కూర్చుంది.

దెబోరా సెలవు అడగడానికి వెళ్ళింది. పానకాలరావు నిజంగానే నివ్వెరపోయాడు.

"పండగ రోజు సెలవేంటి మేడమ్? ఆ రోజు పండగ కదా!"

"అది మా పండగ సార్. మేం ఇంట్లో చేసుకోవాలి."

"మీ పండగ కాబట్టే మీరు ఇక్కడుండాలి. వేరేవాళ్ళకి కావాలంటే సెలవిస్తాను. యూదు స్టాఫ్‌కి మాత్రం యూదుల పండగలకి సెలవు లేదు, ఇది పాలసీ. ఒరిజినల్ టీచర్ లేకపోతే చైర్మన్ గారి మొహం ఎట్టా చూడమంటారు నన్ను?"

"పోనీ మా పాపనైనా పంపించండి సార్. మా మావయ్య పెద్దాయన. పాప అడగాలని కళ్ళు కాయలు కాచేలా చూస్తన్నాడు."

"పాపనా?" పానకాలరావు కుర్చీలోంచి లేచాడు. "అడగడంలో తిర్సాయే కదా మేడమ్ మన టాపర్! స్టేజీ మీద చైర్మన్ గార్ని నాలుగు ప్రశ్నలూ అడగాల్సింది ఆ పాపే. కావాలంటే మీ మామగారికి ఓ విజిటర్స్ పాస్ ఇస్తాను. వెనక వరసలో కూర్చుని చూస్తారు."

దెబోరాకి నెత్తురు తలకెక్కింది. ఏదో అనబోయి, పిల్ల చదువు గుర్తొచ్చి, గొంతులోనే మింగింది. ఇంటికి వెళ్ళి మామగారి ముందు నిలబడి చెప్పలేక ఏడ్చింది. ఎజ్రా విని, "చీకటి పడేదాకా చూస్తాను. రాకపోతే సాలొమోనే అడుగుతాడులే," అన్నాడు. సాలొమోను పేరు ఆయన నోట అంత నీరసంగా ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు రానే వచ్చింది. స్కూలు మైదానంలో షామియానా. అన్ని బ్రాంచీల పిల్లల్నీ బస్సుల్లో తోలుకొచ్చి మధ్యాహ్నం నుంచే వరసలుగా నిలబెట్టారు. చైర్మన్ గారు సాయంత్రం దాకా రారు. అయితే ఒకవేళ ముందే వచ్చేస్తారేమోనని ఈ జాగ్రత్తట. పిల్లలకు మైకులో ఒక్కటే సూచన ఇచ్చి ఇచ్చి, చేయించి చేయించి అరగదీశారు. స్టేజీ మీద పాప ఏ ప్రశ్న అడిగితే అదే ప్రశ్న అందరూ గొంతెత్తి మళ్ళీ అడగాలి. ఆలోచించకూడదు. ఆలోచిస్తే కోరస్ కలవదు.

పులియని రొట్టె బదులు ప్రతి పిల్ల చేతికీ ఒక క్రీమ్ బన్ను ఇచ్చారు.

"ఇది బాగా పులిసిన రొట్టె సార్," అంది దెబోరా.

"స్పాన్సర్ దగ్గర ఇదే ఉంది మేడమ్. టీవీలో తేడా తెలీదు."

స్టేజీ మధ్యలో ఒక దివాను వేసి మఖమలు దిండ్లు పేర్చారు. దాని గురించి కూడా పానకాలరావే వివరించాడు. పండగ ప్రకారం ఎవరో ఒకరు ఒరగాలి కదా, పిల్లలు ఒరిగితే క్రమశిక్షణ దెబ్బతింటుంది, కనుక అందరి తరఫునా చైర్మన్ గారే ఒరుగుతారు.

పొద్దు వాలుతుండగా చైర్మన్ గారు వచ్చి ఒరిగారు. పిల్లలు నిలబడే ఉన్నారు. ఎండకు సొమ్మసిల్లిన ఇద్దర్ని ఆయాలు అప్పటికే నీడకు మోసుకుపోయారు. గేటు బయట ఆషేరు ఆటో పెట్టుకుని మాటిమాటికీ పడమర వైపు చూస్తున్నాడు. దెబోరా స్టేజీ మెట్ల దగ్గర నిలబడి కూతుర్ని చూస్తోంది. వెండిజరీ గౌను, పెదాలకు రంగు, నెత్తిన కాగితం కిరీటం. మైకు ముందు తిర్సా గుప్పెడంత కనబడుతోంది.

చైర్మన్ గారి చేతిలో జవాబుల కాగితం ఉంది. పిల్ల అడుగుతుంది, మైదానం అందుకుంటుంది, ఆయన ఆ వరస ప్రకారం చదువుతారు. మొదటి ప్రశ్న అడిగింది తిర్సా. మైదానమంతా క్రీమ్ బన్నులు పైకెత్తి, పులియని రొట్టే ఎందుకు తింటున్నామని అడిగింది. చైర్మన్ గారు చదివారు. చప్పట్లు. రెండోది, చప్పట్లు. మూడోది, చప్పట్లు.

నాలుగోది రాలేదు. తిర్సా మైకు ముందు అలాగే నిలబడిపోయింది. ఎదురుగా ఒరిగి కూర్చున్న చైర్మన్ గార్ని చూసింది. కింద నిలబడి నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్న పిల్లల్ని చూసింది. పానకాలరావు తెర చాటు నుంచి ప్రశ్న అందిస్తూనే ఉన్నాడు, పిల్ల వినిపించుకోలేదు. ఆకాశం ఎర్రబడటం చూసింది.

"మా తాత చూస్తా ఉంటాడు," అంది మైకులో, అచ్చం ఇంట్లో మాట్లాడినట్టు. "మమ్మల్ని ఇంటికెప్పుడు పంపిస్తారు?"

కోరస్ తప్పకూడదు కదా. ఆలోచించకూడదు కదా. మైదానంలో ఉన్న పిల్లలందరూ బన్నులు పైకెత్తి ఒక్క గొంతుతో అడిగారు.

"మమ్మల్ని ఇంటికెప్పుడు పంపిస్తారు?"

షామియానా అదిరింది. అడిగాక గానీ తామేం అడిగారో పిల్లలకు తెలియలేదు. తెలిశాక మళ్ళీ అడిగారు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. హాస్టలు పిల్లలైతే ఏడుస్తూ అడిగారు. వెనక వరసల్లో ఉన్న తల్లిదండ్రులు, ఇది కూడా కార్యక్రమంలో భాగమే కాబోలు, ఎంత బాగా తయారుచేశారో అని చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు ప్రశ్నలు వినే మనిషి కాదు. నాలుగో నంబరు వంతు వచ్చింది కాబట్టి కాగితంలో నాలుగో జవాబు గంభీరంగా చదివారు.

"ఎందుకనగా, ఇప్పుడు మనమందరమూ స్వతంత్రులము గనుక!"

తర్వాత రెండో తరగతి వరసలోంచి ఓ పిల్ల బన్ను కింద పడేసి గేటు వైపు నడిచింది. దాని వెనక ఇంకో నలుగురు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడానికి లేదు. డ్రిల్లు మాస్టారు ఈల వేశాడు. వాళ్ళకి ఈలంటే విశ్రాంతి అని తెలుసు కానీ ఎవరికీ అప్పుడు విశ్రాంతి అక్కర్లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చేతులు అడ్డం పెట్టి, "పాసేది? పాసు చూపించండి!" అని అరిచాడు.

"చైర్మన్ సారే చెప్పారుగా మైకులో! వినపళ్ళేదా నీకు?" అంది ముందున్న పిల్ల.

వినబడింది. చైర్మన్ గారు మైకులో చెప్పిన దానికి ఎదురు చెప్పే ధైర్యం ఆ సంస్థలో ఎవరికుంది? వాచ్‌మన్ గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి సెల్యూట్ కొట్టాడు. దెబోరా మెట్లెక్కి, కూతురి నెత్తి మీది కిరీటం తీసి మైకు మీద పెట్టి, పిల్లని చంకనేసుకుని ఆ జనంలో కలిసి బయటపడింది. టీవీ వాళ్ళు మొత్తం చూపించారు.

ఆటో ఊరి దారి పట్టిందో లేదో ఫోను మోగింది. పానకాలరావు గొంతులో కోపం లేదు, పాలసీ ఉంది.

"మేడమ్, మేనేజ్‌మెంట్ నిర్ణయం చెప్తున్నాను. మీ సేవలు ఈ క్షణం నుంచి అవసరం లేదు. మీరు వెళ్ళొచ్చు, మాకు అభ్యంతరం లేదు. పాపకి మాత్రం టీసీ ఇవ్వం."

"నన్ను తీసేసి పాపని ఎందుకు సార్ ఉంచుకోటం?"

"పాప మా టాపర్ మేడమ్. ఫ్లెక్సీలన్నీ ప్రింటయినాయి. సోమవారం నుంచి రాకపోతే టీసీ లేకుండా ఏ బళ్ళో చేరుస్తారో చూస్తాను."

స్పీకర్లో ఆషేరూ విన్నాడు, ఒళ్ళో తిర్సా కూడా విన్నది. దెబోరా ఫోను ఆపి సంచిలో పడేసింది. పిల్లని రెండు చేతులా పొదువుకుంది. భయం వేసింది ఆమెకి. వచ్చే నెల ఇల్లెలా గడుస్తుందని భయం, పిల్ల చదువు ఏమైపోతుందని భయం. ఆ పిల్లకి మార్కు కోసిన చేతులు ఇవే కదా అని తన మీద తనకే రోత పుట్టింది.

"ఉద్యోగం పోయిందయ్యా," అంది.

"పోతే పోయిందిలే. పొద్దుగూకక ముందే చేరాల," అని ఆషేరు ఆటో ఇంకాస్త వేగం పెంచాడు.

దోనెపాలెంలో ఎజ్రా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల చాప పరిచి, రొట్టెలూ చేదు ఆకూ సర్ది, చుట్టాలంతా కూర్చున్నారు. తిర్సాని చూడగానే సాలొమోను దేవుడికి దణ్ణం పెట్టుకుని తన చోటు ఖాళీ చేసి ఇచ్చాడు. ముసలాయన మనవరాల్ని దిండుకి ఆనించి కూర్చోబెట్టాడు. పిల్ల ముందు బిగుసుకుంది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మెల్లగా ఒరిగింది. నాలుగు ప్రశ్నలూ అడిగింది. ఎజ్రా ఒక్కో దానికీ ఆగి ఆగి జవాబు చెప్పాడు. కళ్ళు తుడుచుకోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది ఆయనకి.

కథ ఫరో దాకా వచ్చింది. యూదుల నాయకుడు మోషే వెళ్ళి మా జనాన్ని పోనియ్యమని అడగడం, ఫరో ఒకసారి సరేనని మళ్ళీ కాదనడం, అన్నీ చెప్పాడు.

"అప్పుడు ఫరో ఏమన్నాడంటే తల్లీ, పెద్దోళ్ళు కావాలంటే పోండి, పిల్లల్ని మాత్రం వదలనన్నాడు."

"పిల్లల్ని ఎందుకు ఉంచుకోటం?" అంది తిర్సా.

"వాళ్ళుంటే పెద్దోళ్ళు ఎక్కడికీ పోరని."

తిర్సా కాసేపు ఆలోచించింది. ఆలోచించొద్దని ఎవరూ అనలేదు. "మరి అప్పుడు మనమేం చేశాం?"

ఎజ్రా నోరు తెరవబోయి, కోడలి మొహం చూసి ఆగాడు. "నువ్వు చెప్పమ్మా దెబోరా. బిడ్డ అడుగుతంది."

జవాబు చెప్పి ఎన్నాళ్ళయిందో ఆమె. కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"పిల్లల్ని తీసుకునే వచ్చేశాం."

"టీసీ లేకుండానే?"

"టీసీ లేకుండానే."